అత్తమ్మకు చెప్పిన కథ

నల్లగొండ ప్రకాశం బజారులో మా తాత నడిపిన పేపర్ ఏజెన్సీకి బోర్డు ఉండేది కాదు. తెల్లవారుజామున హైదరాబాదు బస్సు టాపు మీద నుంచి దించిన కట్టలు ఎక్కడ విప్పుతారో ఊరంతటికీ తెలుసు కనుక బోర్డు అవసరం ఎప్పుడూ రాలేదు. విజయవాడ వైపు నుంచి వచ్చే కట్టలు మాత్రం నార్కట్‌పల్లిలో దిగేవి. వాటిని సైకిలు మీదో, దొరికిన లారీలోనో తెచ్చుకోవాలి. వానాకాలంలో పై రెండు ప్రతులు ముద్దయి వచ్చేవి కాబట్టి, ఆ నష్టం ఎవరి ఖాతాలో పడాలన్నది నెలాఖరు లెక్కల్లో ఎప్పుడూ ఉండే తగాదా. తాత కుర్రవాడిగా ఉన్నప్పుడే, అంటే 1922లో, షబ్నవీసు వెంకట రామనరసింహారావు గారు ఇదే ఊరి నుంచి 'నీలగిరి పత్రిక' నడిపారు. ఆ సంగతి తాత ఎంత గొప్పగా చెప్పేవాడంటే, ఆ పత్రిక అచ్చయింది తన చేతుల మీదుగానే అని మేము చాలా ఏళ్ళు నమ్మాము.

నాకు పదమూడేళ్ళు వచ్చేసరికి ఆ కట్టల ముందు తాత గానీ మామ గానీ కూర్చోవడం లేదు, మా మేనత్త కూర్చునేది. తాత తన చివరి రోజుల్లో ఏజెన్సీని అల్లుడి పేర రాయించాడు. కొడుకు, అంటే మా నాయిన, బడిపంతులు; అతనికి ఈ పని పట్టదు. బిడ్డకు లెక్కలు వచ్చు, చందాదారుల పేర్లు వీధుల వారీగా నోటికి వచ్చు, కానీ ఆడపిల్ల పేర ఏజెన్సీ ఏమిటన్న ఆలోచన కనీసం ప్రశ్నగానైనా ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు. అల్లుడు 1972లో పోయాడు. పదకొండో రోజు దాటగానే అత్తమ్మ తెల్లవారుజామున మూడున్నరకు లేచి, ముసుగు కప్పుకుని బస్టాండుకు నడిచింది. ఒక పత్రిక సర్క్యులేషన్ మనుషులు వచ్చి, డిపాజిట్ కొత్తగా కడితే తప్ప కుదరదని, కట్టినా రశీదు మగవాళ్ళ పేరనే ఇస్తామని చెప్పి వెళ్ళారు. ఆ తరువాత రెండేళ్ళ పాటు, జన్మలో ఒక్క కట్టకు పురికొస ముడి వేయని మా నాయిన పేర రశీదులు వచ్చాయి.

బడి సెలవుల్లో నేను ఆమెకు సాయం వెళ్ళేదాన్ని. పేపరును సగానికి మడిచి, దాన్ని మళ్ళీ మూడు మడతలు చేసి, సైకిలు మీద నుంచి విసిరితే విప్పుకోకుండా గుమ్మంలో పడేటట్టు అంచును లోపలికి దోపడం ఆమె నాకు నేర్పిన మొదటి విద్య. రెండో విద్య కత్తెర పని. అమ్ముడుపోని ప్రతులను కట్టలు కట్టి వెనక్కి పంపితే ఛార్జీలు దండగ కనుక, పత్రిక పేరు, తేదీ ఉన్న పై ముక్కను మాత్రం కత్తిరించి, వాటిని నూరేసి చొప్పున గుండుసూదికి గుచ్చి పంపాలి. ఆ ముక్క చిరిగినా, తేదీ సరిగ్గా కనపడకపోయినా డబ్బు రాదు. అత్తమ్మ కత్తెర అందుకే ఎప్పుడూ పదునుగా ఉండేది. ఆమె దాన్ని ఇంట్లో మరో పనికి ముట్టనిచ్చేది కాదు.

ఆమె చదివింది ఐదో తరగతి. అయినా తెలుగు పేపర్లన్నీ మొదటి పేజీ నుంచి చివరి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉండే ముద్రాపకుడు, ప్రచురణకర్త, సంపాదకుడు అన్న వరుస దాకా చదివేది. నేను ఒక వార్త కింద విలేకరి పేరు చూపించి ఎంత బాగా రాశాడో అన్నప్పుడు ఆమె అన్న మాట నా ఉద్యోగ జీవితమంతా వెంట నడిచింది: "రాసినోని సంగతి కాదు బిడ్డా, ఏయమన్నదెవలో సూడు."

1974 ఆగస్టు 9 ఉదయం రేడియో వార్తల్లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ రాజీనామా చేస్తున్నాడని చెప్పారు. మరునాడు మా కట్టలన్నీ ఏడు గంటలకే అయిపోయాయి. అదే ఆగస్టు 10న విశాఖపట్నంలో 'ఈనాడు' మొదటి సంచిక వెలువడిందని, ఆ పేపరే కొన్నేళ్ళకు మా ఏజెన్సీ రూపు మార్చేస్తుందని ఆ పొద్దు మాకెవరికీ తెలియదు. హోటలు దగ్గర జనం వాటర్‌గేట్ అన్న మాటను ఏదో ఆనకట్ట తలుపు అనుకుని మాట్లాడుకుంటున్నారు. నాగార్జునసాగర్ పక్కనే ఉన్న జిల్లా కదా, అందులో వింతేమీ లేదు. అది ఒక భవనం పేరని, 1972 జూన్ 17న అందులోని ప్రతిపక్ష పార్టీ కార్యాలయంలో దొంగతనంగా దూరిన అయిదుగురు పట్టుబడ్డారని, ఆ చిన్న పోలీసు వార్త కొసను వదలకుండా పట్టుకుని లాగింది ఒక పేపరని మా నాయిన వివరించాడు.

"గా పేపరు ఎవలది తమ్మీ?" అంది అత్తమ్మ.

నాయినకు తెలియలేదు. కానీ పంతులు కదా, తెలియదని ఊరుకోలేక సాయంత్రం లైబ్రరీకి పోయి ఇంగ్లీషు వారపత్రికలు తిరగేసి వచ్చాడు. వాషింగ్టన్ పోస్ట్ అనే ఆ పత్రిక యజమాని కాథరిన్ గ్రాహం అనే ఆడమనిషి అన్నాడు.

"ఆమె మొగడు?"

"చచ్చిపోయిండట అక్కా. పదకొండేండ్లయింది."

అత్తమ్మ ఏమీ అనలేదు. చేతిలో ఉన్న పురికొసను పళ్ళతో కొరికి తెంపి, తరువాతి కట్ట ముందుకు లాక్కుంది.

ఆ పేరు నాకు అలా మిగిలిపోయింది. నేను డిగ్రీ అయ్యాక హైదరాబాదులో ఒక దినపత్రిక డెస్కులో చేరి, సబ్ ఎడిటర్‌గా జిల్లా వార్తలు దిద్దుకుంటూ ఇరవై ఏళ్ళు గడిపాక, ఆబిడ్స్‌లో ఆదివారం పుస్తకాలు పరిచే ఫుట్‌పాత్ మీద ఆమె ఆత్మకథ దొరికింది. 1997లో వచ్చి, మరుసటి ఏడాది పులిట్జర్ బహుమతి పొందిన ఆ పుస్తకం బరువుకు నా సంచీ హ్యాండిల్ తెగిపోయింది. 2000 వేసవిలో వారం రోజుల సెలవు మీద నల్లగొండ వెళ్ళినప్పుడు దాన్ని వెంట తీసుకుపోయాను. అప్పటికి అత్తమ్మకు డెబ్బై దాటాయి, ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. లతీఫ్ సాహెబ్ గుట్ట మీది రాళ్ళు మధ్యాహ్నమంతా కాగి, రాత్రి దాకా ఊరి మీదికి వేడి కక్కుతున్న రోజులవి. వాకిట్లో నీళ్ళు చల్లి నులక మంచం వేసుకుని, రాత్రికి కొంత చొప్పున ఆమెకు ఆ జీవితాన్ని తెలుగులో చెప్పాను.

కాథరిన్ తండ్రి యూజీన్ మేయర్ పెద్ద ధనికుడు. దివాలా తీసిన పోస్ట్‌ను 1933లో వేలంలో 8 లక్షల 25 వేల డాలర్లకు కొన్నాడు. కూతురు చదువు ముగించి శాన్‌ఫ్రాన్సిస్కోలో విలేకరిగా కొన్నాళ్ళు పనిచేసి, రేవు కార్మికుల గొడవలు రాసి, 1939లో తండ్రి పత్రికకు వచ్చి పాఠకుల లేఖలు చూసే పనిలో కుదిరింది. మరుసటి ఏడాది ఫిలిప్ గ్రాహం అనే న్యాయవాదిని పెళ్ళి చేసుకుంది. 1948లో తండ్రి పత్రిక మీద అధికారాన్నిచ్చే వాటాలు పంచినప్పుడు అల్లుడికి 3500, కూతురికి 1500 ఇచ్చాడు. ఏ మగవాడూ భార్య కింద పనిచేసే స్థితి రాకూడదన్నది ఆయన వాదన. కూతురికి అప్పుడు అందులో తప్పేమీ కనపడలేదని, సంతోషంగానే ఒప్పుకున్నానని ఆమే రాసుకుంది.

అత్తమ్మ మంచం మీద లేచి కూర్చుంది. "అమెరికల గూడ గట్లనేనా?" అని, కాసేపటికి, "మా నాయిన అంతకన్న నయమే. నాకు ఒక్కటి గూడ ఇయ్యలే. లెక్క తేలిక," అని నవ్వింది.

ఫిలిప్ తెలివైనవాడు, 1961లో న్యూస్‌వీక్ అనే వారపత్రికను కొని పత్రికను పెంచినవాడు, మనసు జబ్బు మనిషి కూడా. భార్యను నలుగురిలో చిన్నబుచ్చేవాడు. వేరే స్త్రీతో వెళ్ళిపోయి పత్రిక తనదేనన్నాడు. 1963 ఆగస్టు 3న తమ పొలం ఇంట్లో తుపాకితో కాల్చుకుని చనిపోయాడు. ఆమెకు అప్పుడు నలభై ఆరేళ్ళు, నలుగురు పిల్లలు. పత్రికను అమ్మేస్తుందని, లేదంటే ఎవరైనా పెద్దమనిషి చేతికి అప్పగిస్తుందని అందరూ అనుకున్నారు. పిల్లలు ఎదిగే దాకా కాపు కాద్దామని మొదలుపెట్టిన మనిషి, సమావేశాల్లో మగవాళ్ళందరి మధ్య ఒక్కతే కూర్చుని, క్రిస్మస్ విందులో చెప్పాల్సిన రెండు మాటలను కూడా ముందుగా అభ్యాసం చేసుకునేంత బిడియంతో రోజులు నెట్టింది. ఇక్కడ అత్తమ్మ నన్ను ఆపి, బస్టాండుకు వెళ్ళిన ఆ మొదటి తెల్లవారుజాము గురించి నాకు ఎన్నడూ చెప్పని సంగతి చెప్పింది. డ్రైవరు "ఎవలమ్మా, ఏ ఊరికి?" అని అడిగితే ఆమెకు నోరు పెగలలేదట. వెనక్కి వచ్చి, చీకట్లో వేపచెట్టు కింద నిలబడి, 'పేపర్ కట్టలు నాకియ్యి' అన్న మూడు మాటలను నాలుగుసార్లు అనుకుని మళ్ళీ వెళ్ళిందట.

కాథరిన్ సంపాదకురాలు కాదు, ప్రచురణకర్త. ఆ తేడా వాకిట్లో మా ఇద్దరి మధ్య ఒక రాత్రి చర్చకు వచ్చింది. అప్పట్లో అమల్లో ఉన్న 1867 నాటి మన పత్రికల చట్టం, అచ్చయ్యే విషయాల ఎంపిక ఎవరి అదుపులో ఉంటుందో ఆ వ్యక్తే సంపాదకుడు అనేది. ఆ లెక్కన రోజువారీ ఎంపిక బెన్ బ్రాడ్లీది. అతన్ని 1965లో తెచ్చుకుని, 1968లో కార్యనిర్వాహక సంపాదకుణ్ణి చేసింది ఆమే. కానీ ఏ సంపాదకుడూ ఒక్కడుగా తేల్చలేని రాత్రులు కొన్ని ఉంటాయి. 1971 జూన్ 17 రాత్రి అటువంటిది.

వియత్నాం యుద్ధంలోకి అమెరికా ఎట్లా దిగిందో ప్రభుత్వమే రహస్యంగా రాయించుకున్న ఏడు వేల పేజీల చరిత్ర ముందు న్యూయార్క్ టైమ్స్ చేతికి చిక్కింది. వారు జూన్ 13న మొదలుపెట్టగానే ప్రభుత్వం కోర్టుకు వెళ్ళి ఆపించింది. పోస్ట్ వాళ్ళకు అందులో నాలుగు వేల పేజీల దాకా దొరికాయి. బ్రాడ్లీ ఇంట్లో ఒక గదిలో విలేకరులు కాగితాలు చదువుతూ రాస్తుంటే, మరో గదిలో లాయర్లు వద్దంటున్నారు. సరిగ్గా రెండు రోజుల ముందే, అంటే జూన్ 15న, కంపెనీ వాటాలు మొదటిసారి బజారుకు వచ్చాయి. కేసు పడితే ఆ అమ్మకమే చెడవచ్చు, చేతిలో ఉన్న టీవీ స్టేషన్ల లైసెన్సులూ పోవచ్చు. ఆ సాయంత్రం ఆమె ఇంట్లో సర్క్యులేషన్ విభాగంలో పనిచేసి వెళ్ళిపోతున్న ఒకాయనకు వీడ్కోలు విందు. ఆమె మాట్లాడుతుండగా ఫోను వచ్చింది. ఒకే లైను మీద బ్రాడ్లీ, సంపాదకులు వేయాలంటున్నారు. ఆమె ఎంతో నమ్మే, కంపెనీ వ్యవహారాలు చూసే ఫ్రిట్జ్ బీబీ, తానైతే వేయనని మెల్లగా అన్నాడు. గొంతు తడారిపోతుండగా ఆమె వేయమంది. జూన్ 18న అది పడింది. జూన్ 30న సుప్రీంకోర్టు 6–3తో పత్రికల పక్షాన తీర్పు చెప్పింది.

"ఏయమన్నది," అంది అత్తమ్మ, పేపరు పాఠం ఒప్పజెప్పే పిల్లలా. ఆ తరువాత మరొక మాట: "సర్క్యులేషనోళ్ళకు దావతు ఇచ్చిందా? ఎంత మంచి మనిషి!" ఆ మాటలో వెటకారం ఎంతో, నిజం ఎంతో ఇప్పటికీ నాకు తేలలేదు.

వాటర్‌గేట్ సంగతి ఆమెకు సగం తెలిసిందే. వుడ్‌వర్డ్, బెర్న్‌స్టీన్ అనే ఇద్దరు కుర్ర విలేకరుల పేర్లు లోకమంతా చెప్పుకుంటుంది కనుక నేను వాటి మీద ఎక్కువసేపు నిలవలేదు. ఆమెకు నచ్చింది వేరే ముక్క. మాజీ అటార్నీ జనరల్ జాన్ మిచెల్, ఒక అర్ధరాత్రి బెర్న్‌స్టీన్ ఫోను చేస్తే, ఆ వార్త వేస్తే మీ యజమానురాలి రొమ్ము బట్టలు పిండే మిషనులో ఇరుక్కుంటుందని కూశాడు. మరునాడు బ్రాడ్లీ ఆ శరీర భాగం పేరు మాత్రం తీసేసి మిగిలిన మాటను అట్లాగే అచ్చు వేయించాడు. తరువాత ఒక దంతవైద్యుడు పళ్ళకు వాడే బంగారంతో బుల్లి పిండే మిషను చేసి పంపితే, ఆమె దాన్ని గొలుసుకు తగిలించి మెడలో వేసుకుని తిరిగింది. అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే, ఒక బాకీదారు మూడు నెలల చందా అడిగినందుకు బజారులో తనను అన్న మాటను బయటపెట్టింది. ముప్పై ఏళ్ళు ఎవరికీ చెప్పని మాట అది. దాన్ని నేనూ ఇక్కడ రాయను.

ఆ రోజుల్లో మా దేశంలో ఏమయిందో ఆమెకు నేను చెప్పనక్కరలేదు. 1975 జూన్ చివర ఎమర్జెన్సీ, దాంతోపాటు పత్రికల మీద సెన్సారు వచ్చిన నాలుగు రోజులకు ఒక రిటైర్డు హెడ్మాస్టరు ఇండియన్ ఎక్స్‌ప్రెస్ ప్రతి పట్టుకుని కోపంగా వచ్చాడు. 28వ తేదీ పేపరులో సంపాదకీయం చోట అక్షరం లేదు, అంతా తెలుపు. అచ్చు పడని ప్రతి అంటగట్టారు, మార్చి ఇవ్వండి అన్నాడు. అత్తమ్మ మరో ప్రతి తీసి ఇచ్చింది. అదీ తెలుపే. మూడోది విప్పిచూశాక, ఆ పెద్దమనిషి ఏమీ అనకుండా మొదటి ప్రతినే జాగ్రత్తగా మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. పోస్ట్ విలేకరి లూయిస్ సైమన్స్‌ను మన ప్రభుత్వం దేశం నుంచి వెళ్ళగొట్టింది కూడా ఆ రోజుల్లోనే.

అదే ఏడాది అక్టోబరు 1 తెల్లవారకముందు పోస్ట్ ముద్రణ కార్మికులు సమ్మెకు దిగుతూ యంత్రాలను పాడుచేశారు, ఫోర్‌మన్‌ను కొట్టారు. పత్రిక ఒక్కరోజు ఆగింది. ఆ తరువాత అచ్చు ప్లేట్లను మిద్దె మీద నుంచి హెలికాప్టర్లలో వేరే ఊళ్ళ ప్రెస్సులకు పంపి నడిపారు. పనివాళ్ళు లేక కాథరిన్ స్వయంగా ఫోనులో చిన్న ప్రకటనలు రాసుకుంది, శనివారం రాత్రుళ్ళు మెయిల్‌రూమ్‌లో కూర్చుని ఆదివారం పేపర్లు చుట్టింది. సమ్మె నెలల తరబడి సాగింది, ఆ కార్మికుల్లో చాలామందికి ఉద్యోగాలు తిరిగి రాలేదు. చాలామంది ఆమె ధైర్యాన్ని ఇక్కడ మెచ్చుకుంటారు గానీ, నేను పూర్తిగా మెచ్చుకోలేను. మా ప్రెస్సులో రాత్రి షిఫ్టు మనుషుల వేళ్ళు సీసంతో నల్లబడటం చూసినదాన్ని. యంత్రం విరిచినవాడి తప్పు తప్పే, యంత్రం ముందు ముప్పై ఏళ్ళు నిలబడి రోడ్డున పడినవాడి గోడు ఆ పుస్తకంలో నాకు చాలినంతగా వినపడలేదు. అత్తమ్మ దృష్టి మాత్రం వేరే చోట ఉంది. "ఎట్ల చుట్టింది? మనలెక్క మూడు మడతలా?" అని అడిగింది. వాళ్ళ ఆదివారం పేపరు చేతికి మించిన బరువు ఉంటుందని, మడిచి విసిరేది కాదని చెప్పాను.

కథ 1979కి వచ్చింది. కాథరిన్ ప్రచురణకర్త పదవిని కొడుకు డొనాల్డ్‌కు అప్పగించింది. ఆమె మొదటి సంతానం కూతురు లాలీ, ఆమె కూడా పాత్రికేయురాలే.

"పెద్ద బిడ్డ ఉండంగ కొడుక్కే ఇచ్చిందా?"

"నువ్వేం చేసినవ్ అత్తమ్మా?" అన్నాను. ఆమె కూడా 1988లో ఏజెన్సీని కొడుకు పేర రాసి, లెక్కల్లో చురుకైన కూతురిని మిర్యాలగూడకు పెళ్ళి చేసి పంపింది.

చాలాసేపు పంకా చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. "నిద్రొస్తుంది, రేపు సదువు," అని అటు తిరిగి పడుకుంది. లాలీ కూతురు 2008లో ఆ పత్రిక ప్రచురణకర్త అయిందని, 2013లో పత్రిక 25 కోట్ల డాలర్లకు కుటుంబం చేయి దాటిపోయిందని చెప్పడానికి అప్పటికి అత్తమ్మ లేదు.

సెలవు చివరి రోజున ఆమె నా ఉద్యోగం గురించి అడిగింది. నేను 1996 సంగతి చెప్పాను. మర్రిగూడ వైపు ఊళ్ళలో ఫ్లోరైడు నీళ్ళకు కాళ్ళు వంకరపోయిన పిల్లల వార్తలు నెలకు నాలుగు వచ్చేవి. 'ఇది పాతదే' అనుకుని నేనే వాటిని పక్కన పెట్టేదాన్ని, లేదా జిల్లా పేజీ అడుగుకు తోసేదాన్ని. ఆ ఏడాది, మంచినీళ్ళ కోసం పోరాడే జల సాధన సమితి పిలుపుతో నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది అభ్యర్థులు బరిలో నిలిచారు. బ్యాలెట్టు పుస్తకమంత అయింది, పోలింగు వాయిదా పడింది. అప్పుడు అవే వార్తలను మొదటి పేజీ కోసం వెతికి వెతికి తీశాము. అత్తమ్మ విని, తప్పనీ ఒప్పనీ అనలేదు. నా పెట్టెలో మామిడికాయ తొక్కు సీసా ఒరగకుండా పాత పేపర్లు కుక్కుతూ ఉండిపోయింది.

2001 జూలై 17న కాథరిన్ గ్రాహం చనిపోయింది. ఐడాహోలో ఒక సమావేశానికి వెళ్ళి, నడుస్తూ కిందపడి తలకు దెబ్బ తగిలిన మూడో రోజది. ఆమె వయసు 84. మరునాడు రాత్రి డ్యూటీ నాది. వార్తా ఏజెన్సీ నుంచి వచ్చిన వార్త చాలా పొడవు. ఆ రాత్రి పేజీలన్నీ భారత్, పాకిస్తాన్ నేతల ఆగ్రా శిఖరాగ్ర సమావేశం విఫలమైన గొడవతో నిండి ఉన్నాయి, విదేశీ వార్తలకు మిగిలింది ఒక సన్నని కాలమ్. నేను దాన్ని కత్తిరించి కత్తిరించి తొమ్మిది వరుసలకు తెచ్చి లోపలి పేజీలో పెట్టాను.

ఆ ఆదివారం నల్లగొండ వెళ్ళేసరికి అత్తమ్మ దాన్ని చూసే ఉంది. చివరి పేజీ అడుగు దాకా చదివే మనిషికి లోపలి పేజీ కనపడకుండా ఎక్కడికి పోతుంది! పాత కత్తెరతో, తేదీ ముక్కలు కోసినంత తిన్నగా కోసి, దేవుని గూట్లో పసుపు డబ్బా కింద పెట్టింది. దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టి, కళ్ళద్దాలు నుదుటి మీదికి జరుపుకుంది.

"ఎవలు ఏయమన్నరు బిడ్డా?"

"నేనే అత్తమ్మా."

"గింతేనా?"